సైన్యం వెళ్లింది, మరి ఇరాక్ చమురు ఎవరి చేతిలో ఉంది?

పోయిన సంచికలో ఒక పాఠకుడు "అమెరికా సైన్యం వెళ్లిపోతే ఇరాక్ చమురు ఎవరికి దక్కుతుంది?" అని అడిగితే నాలుగు లైన్లలో జవాబిచ్చాను. అందులో "అమెరికా కంపెనీలకి జనం అనుకునేంత దక్కలేదు" అన్న ముక్క చాలామందికి గుచ్చుకున్నట్టుంది. ఉత్తరాలు బాగానే వచ్చాయి, కొన్ని తిట్లతో సహా. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్ర: మీరు రాసింది నమ్మబుద్ధి కావట్లేదండీ. చమురు కోసమే యుద్ధం చేశారని చిన్నపిల్లాడినడిగినా చెప్తాడు. ఎనిమిదేళ్లు లక్షకి పైగా సైన్యాన్ని అక్కడ పెట్టి, తీరా చమురు వదిలేసి పోయారంటే ఎలా?
— రిటైర్డ్ టీచర్, తణుకు

జ: మాస్టారూ, ఆ యుద్ధానికీ చమురుకీ సంబంధం లేదని నేను అనలేదు. 2003 ఏప్రిల్‌లో బాగ్దాద్ పడిపోయినప్పుడు నేషనల్ మ్యూజియాన్ని దోచుకుపోతుంటే పట్టించుకోని సైనికులు, చమురు మంత్రిత్వ శాఖ భవనానికి మాత్రం గట్టి కాపలా పెట్టారు. అది చూశాక ఉద్దేశాల గురించి వాదన అక్కర్లేదు. కానీ ఉద్దేశం వేరు, చివరికి చేతికొచ్చింది వేరు. నేను రాసింది ఆ రెండోదాని గురించి.

2009 జూన్ 30న ఏం జరిగిందో చూడండి. ఆ రోజుకల్లా అమెరికా సైన్యం ఇరాక్ నగరాలు ఖాళీ చేసి బయటి స్థావరాలకి వెళ్లిపోవాలని 2008 నవంబరు ఒప్పందంలో రాసుకున్నారు. దేశమంతా సెలవు, వీధుల్లో సంబరాలు. సరిగ్గా అదే రోజు బాగ్దాద్‌లో అల్ రషీద్ హోటల్లో చమురు శాఖ పెద్ద పెద్ద ఫీల్డుల్ని వేలానికి పెట్టింది, టీవీలో లైవ్‌గా. వేలం అంటే బావులు అమ్మేయడం కాదు, ఉత్పత్తి పెంచి ఇచ్చే పనికి ఎవరు ఎంత కూలి అడుగుతారన్నది పోటీ. బస్రా పక్కనున్న రుమైలా దేశంలోకెల్లా పెద్ద ఫీల్డు. దానికి అమెరికా ఎక్సాన్‌మొబిల్ జట్టు, పెంచిన ప్రతి బ్యారెల్‌కీ 4 డాలర్ల 80 సెంట్లు అడిగింది. బ్రిటన్ బీపీ, చైనా సీఎన్‌పీసీ కలిసి 3.99 అడిగాయి. ఇరాక్ వాళ్లు 2 డాలర్లకి మించి ఇవ్వం అన్నారు. ఎక్సాన్ కుదరదని తప్పుకుంది, బీపీ, చైనా ఒప్పుకున్నాయి. అప్పుడు మార్కెట్లో బ్యారెల్ ధర 70 డాలర్ల చుట్టుపక్కల ఉంది. ఆ రెండు డాలర్ల మీద కూడా మళ్లీ 35 శాతం పన్ను! ఎనిమిది ఫీల్డులు పెడితే ఆ రోజు కుదిరిన బేరం ఇదొక్కటే.

ఎక్సాన్ తర్వాత మెత్తబడి 1.90కి వెస్ట్ కుర్నా-1 ఫీల్డు తీసుకుంది, ఆక్సిడెంటల్ అనే ఇంకో అమెరికా కంపెనీకి జుబైర్ ఫీల్డులో వాటా వచ్చింది. అమెరికా కంపెనీల వంతు అంతే. అదే డిసెంబరులో జరిగిన రెండో వేలంలో రష్యా లూకాయిల్, నార్వే కంపెనీ కలిసి వెస్ట్ కుర్నా-2ని 1.15 డాలర్లకి పట్టుకుపోయాయి. ఎక్సాన్ అయితే 2024 మొదట్లో ఇరాక్ దక్షిణాన్నే వదిలేసింది, ఆ ఫీల్డు నడిపే బాధ్యత పెట్రోచైనాకి పోయింది.

అమెరికా ప్రయత్నించలేదా అంటే, బాగానే ప్రయత్నించింది. కొత్త చమురు చట్టం చెయ్యాలని ఇరాక్ ప్రభుత్వం మీద పట్టుబట్టింది, 2007లో బుష్ పెట్టిన షరతుల జాబితాలో అదొకటి. ముసాయిదా ఆ ఫిబ్రవరిలో మంత్రివర్గం దాటింది. బస్రా చమురు కార్మికుల యూనియన్ వాళ్లు ఇది విదేశీ కంపెనీలకి దేశాన్ని రాసివ్వడమే అని అడ్డం తిరిగారు, పార్లమెంటులో పార్టీలకి ఒకరంటే ఒకరికి పడలేదు, చట్టం అక్కడే ఆగిపోయింది. లక్షన్నర సైన్యం దేశంలో ఉండగా కూడా ఒక్క చట్టం పాస్ చేయించుకోలేకపోయారంటే, సైన్యంతో ఏం చేయించగలం ఏం చేయించలేం అన్నదానికి నాకైతే ఇంతకంటే మంచి ఉదాహరణ కనపడదు.

ప్ర: కంపెనీల లెక్క చెప్పి అసలు లెక్క దాచేస్తున్నారు. అమెరికా భజన ఆపి, ఆ చమురు అమ్మిన డబ్బు ఎక్కడికి పోతుందో రాయండి చూద్దాం.
— పేరు రాయని పాఠకుడు, విజయవాడ

జ: న్యూయార్క్‌కి పోతుంది. భజన అంటే అనుకోండి గానీ, ఈ పేజీకొచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది మీదే.

2003 మే 22న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1483 నంబరు తీర్మానం చేసింది. దాని ప్రకారం ఇరాక్ చమురు అమ్మిన డబ్బంతా 'ఇరాక్ అభివృద్ధి నిధి'లో పడాలి. ఆ నిధి ఖాతా తెరిచింది న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో. అందులోంచి 5 శాతం, సద్దాం కువైట్ మీద పడి చేసిన నష్టానికి పరిహారంగా పక్కకి పోయేది. (ఆ పరిహారం మొత్తం 52.4 బిలియన్ డాలర్లు, చివరి వాయిదా కట్టింది 2022 జనవరిలో. సద్దాంని ఉరి తీసిన పదిహేనేళ్లకి! అప్పటికి పుట్టని పిల్లలు కూడా ఆ బాకీ తీర్చారన్నమాట.) మిగతా డబ్బు మొదటి ఏడాది ఖర్చు పెట్టింది ఇరాక్ ప్రభుత్వం కాదు, అమెరికా నియమించిన పాలనా యంత్రాంగం. కొత్త నోట్ల కట్టలు ప్లాస్టిక్‌లో చుట్టి, మిలిటరీ విమానాల్లో ఎక్కించి దాదాపు 12 బిలియన్ డాలర్ల నగదు బాగ్దాద్‌కి మోశారు. ఇరాక్ మంత్రిత్వ శాఖలకి ఇచ్చిన డబ్బులో 8.8 బిలియన్ల మీద సరైన అదుపే లేకుండా పోయిందని 2005లో చెప్పింది ఎవరో కాదు, అమెరికా ప్రభుత్వం నియమించిన ఆడిటరే.

2011లో ఆ నిధి ముగిసింది, డిసెంబరు 18న ఆఖరి సైనిక వాహనాలు సరిహద్దు దాటి కువైట్‌లోకి వెళ్లాయి. ఖాతా మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. పేరు మారి ఇరాక్ సెంట్రల్ బ్యాంకు ఖాతా అయింది, ఉన్నది మాత్రం అదే న్యూయార్క్ బ్యాంకులో. చమురు అమ్మేది ఇరాక్ ప్రభుత్వ సంస్థ సోమో, కొనేది ఇండియా, చైనా, కొరియా ఎవరైనా కావచ్చు, డాలర్లు చేరేది అక్కడికే. ఇందులో ఇరాక్‌కి ఒక లాభం కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. సద్దాం కాలం నాటి బాకీల కోసం కోర్టులకెక్కేవాళ్లు ఆ డబ్బు జప్తు చేయించకుండా అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు ఒకటి కాపాడుతూ వచ్చింది. కాపాడేవాడి చేతిలోనే తాళం కూడా ఉంటుంది కదా, చిక్కంతా అక్కడ.

2020 జనవరిలో ఇరాన్ జనరల్ సులేమానీని అమెరికా బాగ్దాద్ ఎయిర్‌పోర్టు దగ్గర చంపేసినప్పుడు, రెండు రోజులకే ఇరాక్ పార్లమెంటు విదేశీ సైన్యం మొత్తం వెళ్లిపోవాలని ఓటేసింది (2014లో ఐసిస్ ఉగ్రవాదులతో పోరుకని అమెరికా సైన్యం తిరిగొచ్చింది లెండి). దానికి వాషింగ్టన్ నుంచి వచ్చిన హెచ్చరిక, సైన్యాన్ని పొమ్మంటే న్యూయార్క్ ఖాతా మీ చేతికి అందకుండా పోవచ్చు అని. ఓటు ఓటుగానే మిగిలింది, సైన్యమూ అప్పుడు వెళ్లలేదు. ఆ తర్వాత 2022 నవంబరు నుంచి ఇరాక్ బ్యాంకులు పంపే డాలర్ల మీద న్యూయార్క్‌లో తనిఖీ బిగించారు, డాలర్లు ఇరాన్‌కి జారిపోతున్నాయని. కొద్ది వారాల్లో బాగ్దాద్ బజారులో దినార్ విలువ పడిపోయింది, పిండి, నూనె ధరలు ఎక్కేశాయి, జనం సెంట్రల్ బ్యాంకు ముందు ధర్నాకి దిగారు. తుపాకీ పట్టుకున్న మనిషి ఒక్కడు కూడా ఎక్కడా కదల్లేదు.

ప్ర: సర్వీస్ కాంట్రాక్టు, ప్రొడక్షన్ షేరింగ్ కాంట్రాక్టు అని వార్తల్లో వింటుంటాను. తేడా ఏంటి సార్? మన కేజీ బేసిన్‌లో ఉన్నది ఏ రకం?
— ఇంజినీరింగ్ విద్యార్థిని, కాకినాడ

జ: పొలం కౌలుకిచ్చి పంటలో వాటా తీసుకోవడం ప్రొడక్షన్ షేరింగ్. మనుషుల్ని పెట్టి కోయించి, కూలిచ్చి, పంటంతా ఇంటికి తెచ్చుకోవడం సర్వీస్ కాంట్రాక్టు. ఇరాక్ ప్రభుత్వం 2009లో పట్టుబట్టి ఇచ్చింది రెండో రకం. చమురు మొత్తం ఇరాక్‌ది, కంపెనీకి పెట్టిన ఖర్చు తిరిగొస్తుంది, పైన బ్యారెల్‌కి ఇంత అని ఫీజు.

మీ ఊరికెదురుగా సముద్రంలో ఉన్న కేజీ-డి6 మొదటి రకం. 2000లో రిలయన్స్‌తో కుదిరింది, గ్యాస్ 2009లో వచ్చింది. కంపెనీ ముందు తన ఖర్చులు రాబట్టుకుంటుంది, ఆ తర్వాతే ప్రభుత్వ వాటా పెరుగుతూ పోతుంది. మరి ఖర్చు ఎంతయిందో రాసేది ఎవరు? కంపెనీయే! ఆ లెక్కల మీద కాగ్ 2011లో తప్పు పట్టడం, ప్రభుత్వం కొంత ఖర్చుని ఒప్పుకోకపోవడం, కేసులు, ఆర్బిట్రేషన్లు... ఇదంతా మీరు పేపర్లలో చూసే ఉంటారు. 2016లో మన వాళ్లు ఆ పద్ధతే మార్చి, ఖర్చుతో సంబంధం లేకుండా ఆదాయంలో వాటా అన్నారు.

అలాగని సర్వీస్ కాంట్రాక్టే గొప్పదని పరీక్షలో రాసేయకండి. ఇరాక్‌లో చమురు ధర 100 డాలర్లున్నా 40 ఉన్నా కంపెనీ ఫీజు మారదు, ఖర్చు ఎటూ తిరిగొస్తుంది కాబట్టి పొదుపు చెయ్యాలన్న తొందరా ఉండదు. 2014లో ధరలు కూలినప్పుడు ప్రభుత్వం కంపెనీలకి కట్టాల్సిన బకాయిలకే కిందా మీదా పడింది. షెల్ 2018లో మజ్నూన్ ఫీల్డు వదిలేసి పోయింది. రుమైలాలో రోజుకి 28.5 లక్షల బ్యారెళ్లు తీస్తామని బీపీ వాళ్లు వేలంలో రాసిచ్చారు, తర్వాత ఆ లక్ష్యాన్ని 21 లక్షలకి తగ్గించుకున్నారు, అక్కడికీ చేరలేదు. అందుకే ఈ మధ్య ఇచ్చే కాంట్రాక్టుల్లో ఇరాక్ కూడా లాభంలో వాటా పద్ధతికి మళ్లింది.

ప్ర: యుద్ధంలో గెలిచినవాడు ఓడినవాడి చమురు తీసుకోవడం తప్పని ఎక్కడైనా రాసుందా?
— నెల్లూరు పాఠకుడు

జ: ఉంది. 1907 హేగ్ నిబంధనల్లో 55వ ఆర్టికల్. ఆక్రమించిన దేశం అక్కడి ప్రభుత్వ ఆస్తులకి తాత్కాలిక నిర్వాహకుడు మాత్రమే, మూలధనాన్ని కరిగించకూడదు, కాపాడాలి. 2017లో ట్రంప్ సీఐఏ ఆఫీసులో నిలబడి ఆ చమురు మనమే ఉంచుకోవాల్సింది అన్నప్పుడు న్యాయ నిపుణులు గుర్తుచేసింది దీన్నే.

ప్ర: ఇంగ్లీషువాళ్లు కూడా ఒకప్పుడు ఇరాక్‌ని ఏలారు కదా. వాళ్లు వెళ్లిపోయినప్పుడు చమురు ఏమైంది?
— గుంటూరు నుంచి ఒక పాత చందాదారు

జ: ఈ కథ తెలిస్తే పైన చెప్పిందేదీ మీకు కొత్తగా అనిపించదు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇరాక్ బ్రిటన్ చేతికొచ్చింది. 1925లో ఇంకా సొంత రాజ్యాంగం సరిగ్గా అమలు కాకముందే, ఒక విదేశీ కంపెనీకి 75 ఏళ్ల చమురు హక్కులు రాసివ్వాల్సొచ్చింది. తర్వాత ఇరాక్ పెట్రోలియం కంపెనీ అని పేరు మార్చుకుంది అదే. పేరులో ఇరాక్ ఉంది గానీ వాటాల్లో లేదు! ఇప్పటి బీపీ, షెల్, టోటల్ కంపెనీల పూర్వీకులకి తలా 23.75 శాతం, అమెరికా కంపెనీలన్నిటికీ కలిపి అంతే, మధ్యవర్తిత్వం చేసిన గుల్బెంకియాన్ అనే పెద్దమనిషికి 5 శాతం. ఇరాక్‌కి 20 శాతం ఇస్తామని ముందు ఒప్పందాల్లో ఉన్నా ఇవ్వలేదు, టన్నుకి నాలుగు షిల్లింగుల రాయల్టీ ఇచ్చి సరిపెట్టారు. 1927 అక్టోబరులో కిర్కుక్ దగ్గర బాబా గుర్గుర్‌లో చమురు పైకి చిమ్మింది.

1932లో స్వాతంత్ర్యం వచ్చింది. బ్రిటిష్ వాయుసేన స్థావరాలు రెండు ఉండిపోయాయి, కంపెనీ హెడ్డాఫీసు లండన్‌లోనే ఉంది. ఎంత తియ్యాలి, ఏ ధరకి అమ్మాలి, కొత్తగా ఎక్కడ తవ్వాలి అన్నది తేల్చేది లండన్‌లో. వేరే దేశంలో చమురు చవగ్గా దొరికితే ఇరాక్‌లో నెమ్మదించేవాళ్లు, బాగ్దాద్ చూస్తూ కూర్చోవడమే. 1958లో రాజరికాన్ని కూలదోసి వచ్చిన ఖాసిం, 1961లో 80వ నంబరు చట్టంతో కంపెనీ వాడుకోకుండా పెట్టుకున్న భూమిని, అంటే హక్కులు రాసిచ్చిన మొత్తం భూమిలో 99.5 శాతాన్ని వెనక్కి లాగేశాడు. నడుస్తున్న బావులు మాత్రం కంపెనీకే మిగిలాయి. చివరికి 1972 జూన్ 1న జాతీయం చేశారు, దక్షిణాదిన మిగిలినవి 1975కల్లా పూర్తయ్యాయి.

స్వాతంత్ర్యం 1932, బావులు చేతికొచ్చింది 1972. నలభై ఏళ్లు! మన దగ్గర కూడా తెల్లవాడి జెండా దిగాక ఆస్సాం చమురు మీద బ్రిటిష్ కంపెనీ చాలా ఏళ్లు కూర్చుంది, అది ఇంకోసారి రాస్తాను. తమాషా ఏంటంటే, 2025లో కిర్కుక్ ఫీల్డుల పని ఇరాక్ ప్రభుత్వం మళ్లీ బీపీకే అప్పగించింది.

ప్ర: సార్, మా తమ్ముడు ఎర్బిల్‌లో హోటల్‌లో పని చేస్తున్నాడు. అక్కడి ప్రభుత్వం వేరు, బాగ్దాద్ ప్రభుత్వం వేరు అంటాడు. చమురు గొడవ వచ్చినప్పుడల్లా జీతాలు ఆగిపోతాయట. ఒకే దేశంలో చమురుకి ఇద్దరు ఓనర్లు ఎట్లా ఉంటారు?
— జగిత్యాల పాఠకుడు

జ: రాజ్యాంగం అలా రాసుకున్నారు తమ్ముడూ. ఎర్బిల్ అంటే ఇరాక్ ఉత్తరాన సొంత ప్రభుత్వం ఉన్న కుర్దుల ప్రాంతం, కుర్దిస్తాన్‌కి రాజధాని. 2005 రాజ్యాంగం 111వ ఆర్టికల్ చమురు, గ్యాస్ ఇరాక్ ప్రజలందరివీ అంటుంది. బాగుంది. తర్వాతి ఆర్టికల్ 'ప్రస్తుతం ఉన్న' ఫీల్డుల్ని కేంద్రం, రాష్ట్రాలు కలిసి నడపాలి అంటుంది. మరి రేపు దొరికే ఫీల్డుల సంగతి? రాయలేదు. రాయలేదు కాబట్టి అవి మావే అని కుర్దులు, అన్నీ కలిపే అని బాగ్దాద్. ఈ తగువు తేల్చాల్సిన చట్టమే 2007లో ఆగిపోయిందని పైన చెప్పాను కదా, ఇప్పటికీ రాలేదు.

కుర్దిస్తాన్ అదే ఏడాది సొంత చట్టం చేసుకుని, కంపెనీలకి బాగ్దాద్ కంటే ఎక్కువ లాభం వచ్చే కాంట్రాక్టులిచ్చింది. 2011 అక్టోబరులో, అమెరికా సైన్యం సామాన్లు సర్దుకుంటున్న రోజుల్లోనే, ఎక్సాన్ వెళ్లి ఎర్బిల్‌తో ఆరు బ్లాకులకి సంతకం పెట్టింది. బాగ్దాద్‌కి ఒళ్లు మండిపోయింది. 2014లో కుర్దులు టర్కీలోని జేహాన్ రేవుకి సొంతంగా చమురు పంపడం మొదలుపెట్టేసరికి బాగ్దాద్ బడ్జెట్ వాటా ఆపేసింది, మీ తమ్ముడు చెప్పే జీతాల గొడవ అక్కడ మొదలు. ఆ ఏడాదే పది లక్షల బ్యారెళ్ల కుర్దిష్ చమురుతో ఒక ట్యాంకర్ అమెరికాలో టెక్సాస్ తీరానికి చేరితే, అది మా సరుకని ఇరాక్ ప్రభుత్వం అక్కడి కోర్టులో కేసేసింది. పది కోట్ల డాలర్ల దాకా చేసే సరుకు, ఒడ్డు కనిపిస్తూనే ఉంది, దించుకునే ధైర్యం ఎవరికీ లేదు. నెలల తరబడి అక్కడే తిరిగి తిరిగి వెనక్కి పోయింది.

కిర్కుక్ కూడా ఇలాగే చేతులు మారింది. 2014 జూన్‌లో ఐసిస్ వస్తుంటే ఇరాక్ సైన్యం పారిపోయింది, కుర్దు బలగాలు వచ్చి పట్టుకున్నాయి. 2017లో కుర్దులు స్వాతంత్ర్యానికి రెఫరెండం పెట్టుకున్నాక అక్టోబరులో బాగ్దాద్ సైన్యం వచ్చి తిరిగి తీసుకుంది. 2022 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు కుర్దుల చమురు చట్టం చెల్లదంది, 2023 మార్చిలో పారిస్ ఆర్బిట్రేషన్, బాగ్దాద్ ఒప్పుకోకుండా కుర్దుల చమురు వెళ్లనిచ్చినందుకు టర్కీని దాదాపు 1.5 బిలియన్ డాలర్లు కట్టమంది, టర్కీ పైప్‌లైన్ మూసేసింది. రెండున్నరేళ్లు మూతే. 2025 సెప్టెంబరు ఆఖర్లో తెరిచారు, ఈసారి చమురు సోమోకి అప్పజెప్పే షరతు మీద. అంటే కుర్దులు భూమిలోంచి తియ్యగలరు, పైప్‌లైన్ టర్కీది, అమ్మే హక్కు బాగ్దాద్‌ది. మీ తమ్ముడి హోటల్‌కి ఎదురు వీధిలో ఉండే గవర్నమెంటు టీచరు జీతం ఈ మూడిటి మధ్య ఎక్కడో ఇరుక్కుంటుంది. టీచరు జీతం ఆగితే హోటల్‌కి గిరాకీ ఉండదు కాబట్టి, తమ్ముడిని నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టుకోమనండి.

ప్ర: మన ఇండియా కంపెనీలకి అక్కడ బావులేమైనా ఉన్నాయా?
— విశాఖపట్నం పాఠకురాలు

జ: రిలయన్స్‌కి కుర్దిస్తాన్‌లో రెండు బ్లాకులుండేవి, 2012లో వాటిలో తన వాటాని అమెరికా కంపెనీ చెవ్రాన్‌కి అమ్మేసింది. ఓఎన్‌జీసీ విదేశ్ 2000లో సద్దాం ప్రభుత్వంతో పశ్చిమ ఎడారిలో ఒక బ్లాకుకి సంతకం చేసింది, యుద్ధం వచ్చి అది మూలపడింది. బావుల కంటే మనకి కొనుగోలు ముఖ్యం. రష్యా చమురు చవగ్గా రావడం మొదలయ్యేదాకా కొన్నేళ్లపాటు మన దేశానికి అందరికంటే ఎక్కువ ముడి చమురు పంపింది ఇరాకే. మీ ఊళ్లో హెచ్‌పీసీఎల్ రిఫైనరీకొచ్చే ట్యాంకర్లలో బస్రా సరుకు ఉండేది.

ప్ర: అంత చమురు పెట్టుకుని కరెంటుకీ మంచినీళ్లకీ జనం రోడ్డెక్కుతున్నారని చదివాను. దీనికి కూడా అమెరికానే కారణమా?
— కరీంనగర్ పాఠకుడు

జ: కొంత. మొత్తం కాదు.

ఇరాక్ 2025లో రోజుకి 30 లక్షల బ్యారెళ్లకి పైగా ఎగుమతి చేసింది, ప్రభుత్వ ఆదాయంలో దాదాపు 90 శాతం దాన్నుంచే. ఆ చమురులో అత్యధిక భాగం బస్రా చుట్టుపక్కలదే. 2018 వేసవిలో అదే బస్రాలో కుళాయి నీళ్లు తాగి లక్ష మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. షట్ అల్ అరబ్ నదిలోకి సముద్రపు ఉప్పు నీళ్లు ఎగదన్నాయి, పైన టర్కీ, ఇరాన్‌లలో ఆనకట్టలు, ఇక్కడ పాడుబడిన పైపులు, శుద్ధి ప్లాంట్లు. యాభై డిగ్రీల ఎండలో కరెంటు లేదు. ఊరి బయటికెళ్లి చూస్తే బావుల దగ్గర చమురుతో పాటు వచ్చే గ్యాస్‌ని పట్టుకునే ఏర్పాటు లేక రాత్రీ పగలూ మంట పెట్టి వదిలేస్తుంటారు. ప్రపంచంలో ఇలా గ్యాస్ ఎక్కువగా తగలబెట్టే దేశాల్లో ఇరాక్ ముందు వరసలో ఉంటుంది. అదే సమయంలో కరెంటు ప్లాంట్ల కోసం ఇరాన్ నుంచి గ్యాస్ కొంటూ వచ్చింది! ఇంతకంటే తలకిందుల వ్యవహారం ఎక్కడైనా ఉందా చెప్పండి. ఆ మంటల్ని పట్టుకోవడానికి టోటల్‌ఎనర్జీస్‌తో 27 బిలియన్ డాలర్ల ఒప్పందం 2023లో సంతకమైంది, పనులు నడుస్తున్నాయి.

అమెరికా పాత్ర ఎక్కడంటే, 2003 తర్వాత పదవుల్ని షియా, సున్నీ, కుర్దు అని కోటాలుగా పంచే పద్ధతి వాళ్ల కాలంలో పాతుకుంది. పద్ధతి వాళ్లు పెట్టారు, తిన్నది మాత్రం ఇరాకీ పార్టీలే. ఏ మంత్రిత్వ శాఖ ఏ పార్టీకొస్తే ఆ శాఖ ఉద్యోగాలు, కాంట్రాక్టులు ఆ పార్టీ మనుషులకి. చమురు డబ్బులో పెద్ద భాగం జీతాలకీ పెన్షన్లకీ పోతుంది, ఎన్నికల ముందు ఇంకొన్ని ఉద్యోగాలు. పైపు మార్చడానికి డబ్బు మిగలదు. 2019 అక్టోబరులో కుర్రాళ్లు రోడ్డు మీదకొచ్చింది దీని మీదే. "మాకు దేశం కావాలి" అన్నది వాళ్ల నినాదం, అది అమెరికాకీ ఇరాన్‌కీ సొంత నాయకులకీ ముగ్గురికీ తగిలే మాట. వందల మందిని కాల్చి చంపారు, ప్రధాని అబ్దుల్ మహ్దీ రాజీనామా చేశాడు, కోటా పద్ధతి మాత్రం కదల్లేదు.

ఇంకా అమెరికా వెళ్లిపోతే అంతా సర్దుకుంటుందని కొందరు, వెళ్తే అంతా మునుగుతుందని కొందరు రాశారు. బస్రా కుళాయి విషయంలో రెండూ తేడా ఏమీ తేవు.

ప్ర: ఈసారి నిజంగానే సైన్యం వెళ్లిపోతోందట కదా. ఇక చైనా మొత్తం మింగేస్తుందా?
— హైదరాబాద్ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి

జ: 2011లో వెళ్లిన సైన్యం 2014లో ఐసిస్‌తో పోరు పేరుతో తిరిగొచ్చింది. 2024 సెప్టెంబరులో రెండు ప్రభుత్వాలు చెప్పిన ప్రకారం అమెరికా నడిపే సైనిక కూటమి పని 2025 సెప్టెంబరుకి చాలా చోట్ల, 2026 సెప్టెంబరుకి మిగతా చోట్ల ముగియాలి.

చైనా ఇప్పటికే చాలా తినేసింది. రుమైలాలో భాగస్వామి, వెస్ట్ కుర్నా-1 నడిపేది వాళ్లే, హల్ఫాయా ఫీల్డు నడిపేదీ వాళ్లే, 2024 వేలంలో ఎక్కువ భాగం వాళ్లకే పోయాయి. లాభం తక్కువైనా తీసుకుంటారు, ఎందుకంటే వాళ్లకి కావాల్సింది ఫీజు కంటే సరుకు. కానీ ఫీల్డు నడపడం వేరు, చమురు మీద అధికారం వేరు. లూకాయిల్ సంగతే తీసుకోండి. 2025 అక్టోబరులో అమెరికా ఆ కంపెనీ మీద ఆంక్షలు పెట్టింది, యుక్రెయిన్ యుద్ధం కారణంగా. ఇరాక్‌కి సంబంధమే లేని గొడవ. నెల తిరక్కుండా ఇరాక్ నుంచి రావాల్సిన డబ్బూ సరుకూ ఆగిపోయి, వెస్ట్ కుర్నా-2లో తమ చేతిలో లేని పరిస్థితి వచ్చిందని లూకాయిల్ నోటీసు ఇచ్చుకుంది. బావి ఇరాక్‌ది, కంపెనీ రష్యాది, దాని మెడ మీద చెయ్యి వాషింగ్టన్‌ది. చైనా కంపెనీలకి ఇది చూస్తే టెన్షన్ పుట్టదా?

ఇంకోటి గమనించండి. 2009లో సైన్యం లక్షకి పైగా ఉన్నప్పుడు రేటు నచ్చక లేచిపోయిన ఎక్సాన్, 2025 అక్టోబరులో మజ్నూన్ కోసం బాగ్దాద్ వచ్చి సంతకం పెట్టింది. చెవ్రాన్ అంతకు రెండు నెలల ముందే నాసిరియా కోసం వచ్చింది. అదీ లాభంలో వాటా ఇస్తామన్నాకే.

దక్షిణ సూడాన్ చమురు, సిరియా చమురు మీద వచ్చిన ప్రశ్నలు వచ్చే సంచికకి దాచాను. తిట్టదలుచుకున్నవాళ్లు ఈలోగా రాసి పంపండి, ఊరి పేరు మాత్రం మర్చిపోకండి.